పావంగుళం పిన్ని

మా పిన్నికి బట్టల మిల్లులో ఉన్నన్నాళ్ళూ ఒకటే పేరు, పావంగుళం. గేటు దగ్గర కాపలావాడి నుంచి మడతల గదిలో చివరి బల్ల దగ్గర కూర్చునే మనిషి దాకా అందరూ "పావంగుళం వచ్చిందా, పావంగుళం అన్నం తినేసిందా" అనే అడిగేవాళ్ళు. మొదట్లో వెక్కిరింపుగానే పెట్టారు. తర్వాత అలవాటైపోయి, అందులో వెక్కిరింపు ఉందన్న సంగతి పెట్టినవాళ్ళే మర్చిపోయారు. పిన్ని మర్చిపోలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. బాబాయి అదే మిల్లులో అచ్చు యంత్రం మేస్త్రీ. వాళ్ళకి పిల్లలు లేరు, ఉన్నదల్లా నేనే. కరెంటు బిల్లు తప్పుగా వచ్చినా, ఫోన్లో అక్షరాలు చిన్నవైపోయినా, పంటి డాక్టరుతో పోట్లాడాలన్నా నన్నే పిలుస్తారు. పోట్లాటలకి బాగా పనికొస్తానని మా వాళ్ళలో నాకు పేరు. కాదని ఎవరైనా అంటే వాళ్ళతో కూడా పోట్లాడగలను.

అందుకే ఒక ఆదివారం పొద్దున్నే బాబాయి ఫోన్ చేసి "ఒకసారి వచ్చిపోవే, టోగో వెళ్ళాలి" అన్నప్పుడు, ఊళ్ళో ఏదో కొత్త షాపు తెరిచారు కాబోలు, సంచులు మోయడానికి నన్ను రమ్మంటున్నాడనుకున్నాను. వెళ్ళేసరికి ముందుగదిలో బల్ల మీద పక్కింటి పిల్లల స్కూలు అట్లాసు పరిచి, కళ్ళద్దాల మీద ఇంకో కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తున్నాడు. ఆఫ్రికా పడమటి ఒడ్డున భుజం కింద చంకలాగా ఒక వంపు ఉంటుంది. ఆ వంపులో సన్నటి నిలువు పట్టీ ఒకదాని మీద ఆయన వేలు ఉంది.

"చూశావా, దేశమంతా కలిపి వెడల్పు మన బట్ట పన్నా అంతే. సముద్రం దగ్గర మొదలుపెట్టి పైకి బట్ట తాను విప్పినట్టు పోయింది."

"అక్కడ మనకెవరున్నారు బాబాయ్?"

"మన పక్షి ఉంది" అన్నాడాయన.

వంటింట్లోంచి గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు వచ్చింది. పిన్ని కోపాలన్నీ గిన్నెల మీదుగానే వస్తాయి.

ఆ పక్షి కథ మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. బాబాయి చెప్పే పద్ధతిలోనే చెబుతాను, ఎందుకంటే పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో, ఆసుపత్రిలో ఎవరినైనా చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా ఆయన దాన్ని ఒక్క ముక్క మార్చకుండా చెప్పేవాడు. మిల్లులో అచ్చువేసే బట్టంతా ఓడలెక్కి పోయేది. ఎక్కువభాగం టోగోలోని లోమే రేవుకి. అక్కడ బజార్లో ఆడవాళ్ళు బేళ్ళకి బేళ్ళు దింపించుకుని, అందులో నచ్చిన రకాలకి వాళ్ళే పేర్లు పెట్టి అమ్ముతారట. బట్ట మీద రంగుకో రోలరు. ఒక రోలరు పక్షి ఒంటిని వేస్తుంది, ఇంకోటి రెక్కని, ఇంకోటి కంటిని. రోలరు ఏమాత్రం జరిగినా రంగు పక్కకి పోతుంది. అలా పోకుండా కనిపెట్టడానికి యంత్రం అవతలి కొసన ఒక మనిషి నిలబడాలి. తడితడిగా వస్తున్న బట్ట మీదే చూపుంచి, తేడా వస్తే పక్కనున్న ఇత్తడి గంట కొట్టాలి. గంట మోగిందంటే యంత్రం ఆగిపోతుంది.

ఆ చోటికి పిన్ని కొత్తగా వచ్చింది. అప్పటికి పెళ్ళి కాలేదు, బాబాయెవరో తెలియదు.

"అమ్మాయి కళ్ళు బట్ట మీద ఉండాలా వద్దా?" అని ఇక్కడ బాబాయి ఆగి అందరి మొహాలూ చూసేవాడు. "నా మీద ఉన్నాయి. పక్షి కన్ను పావంగుళం జారి తల దాటి బయటికొచ్చేసింది. అమ్మగారు గంట కొడితే ఒట్టు. బేళ్ళన్నీ అలాగే అచ్చయిపోయాయి. ఏం చేస్తాం, అప్పట్లో మన అందం అలాంటిది."

అందరూ నవ్వేవాళ్ళు. పిన్ని కూడా చిన్నగా నవ్వి, ఏదో పనున్నట్టు లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఆ నవ్వుని మేమంతా సిగ్గనుకున్నాం.

మిగతా కథ నాకూ ఇష్టమే. రేవులో ఓడ ఎదురుచూస్తోంది, మళ్ళీ అచ్చువేసే వ్యవధి లేదు. సూపర్వైజరు చూసీచూడనట్టు అవే కట్టించి పంపేశాడు. పిన్నిని యంత్రం దగ్గర్నుంచి తీసేసి మడతల గదికి పంపాడు. కొన్నాళ్ళకి లోమే నుంచి కబురొచ్చింది, అదే పక్షి ఇంకా కావాలని. మిల్లువాళ్ళు పరువు నిలబెట్టుకుందామని ఈసారి కన్ను కంటిచోట పెట్టి, చక్కగా అచ్చువేసి పంపారు. సరుకు వెళ్ళినంత వేగంగా తిరుగుటపాలో తిట్లు వచ్చాయి. ఇది మా పక్షి కాదు, కన్ను బయట ఉన్నదే పంపండి అని. అప్పట్నుంచి మిల్లు మూతపడేదాకా ఏటా బాబాయి ఆ రోలరుని కొలత పెట్టి మరీ పావంగుళం పక్కకి బిగించేవాడు. గంట దగ్గర నిలబడ్డవాడు, పొరపాటున కన్ను సరైన చోట పడితే గంట కొట్టాలి. తప్పుని తప్పకుండా చేసిన మిల్లు లోకంలో ఇంకోటి ఉండదని బాబాయి మురిసిపోయేవాడు.

చిన్నప్పుడు సెలవుల్లో నేను పిన్ని వెంట ఆ గేటు దాకా వెళ్ళేదాన్ని. లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వెచ్చటి ఆవిరి, ఉడికిన జిగురు వాసన, తడిబట్ట వాసన కలిసి మొహానికి కొట్టేవి. సాయంత్రం షిఫ్టు వదలగానే మనుషులు గుంపుగా బయటికొస్తే, ఎవరు ఏ రోలరు దగ్గర పనిచేస్తారో గోళ్ళు చూసి చెప్పొచ్చు. బాబాయి గోళ్ళలో ఎప్పుడూ నీలం ఉండేది. పిన్ని గోళ్ళు మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉండేవి. మడతల గదిలో ఆరిపోయిన బట్టే వస్తుంది మరి. అప్పట్లో అది గొప్ప అనుకునేదాన్ని. రెండుసార్లు యంత్రం దగ్గరికి మళ్ళీ వేయమని పిన్ని అడిగిందట. "చూపు నిలవని మనిషివి, నీకెందుకమ్మా" అన్నాడట సూపర్వైజరు. ఆ మాట అమ్మ నాకు చెప్పిందే గానీ, పిన్ని నోటివెంట ఎప్పుడూ రాలేదు.

మిల్లు మూసేసి చాలా ఏళ్ళైంది, యంత్రాలు తుక్కు కింద పోయాయి. బాబాయి ఎవరినో బతిమాలుకుని ఆ ఇత్తడి గంట ఒక్కటీ ఇంటికి తెచ్చుకున్నాడు. పిన్ని దాన్ని తలకిందులుగా అలమరలో పెట్టి అందులో పిన్నీసులు వేసుకుంటోంది. బట్ట మాత్రం ఒక్క మూర కూడా ఇంట్లో లేదు. ఓడెక్కాల్సిన రకాలు గేటు దాటి బయటికి రాకూడదని మిల్లులో కట్టడి. గేటు దగ్గర సంచులు కూడా వెతికేవాళ్ళు. అంటే ఆ పక్షిని అచ్చువేసినాయనా, మడతపెట్టినావిడా ఒక్కరోజు కూడా దాన్ని ఒంటి మీద వేసుకోలేదు.

ఇప్పుడు ఆ పాత మిల్లు గోడలు కూడా కొడుతున్నారు. బాబాయి వెళ్ళి చూసొచ్చాడు. ఆ మర్నాడే అట్లాసు తెచ్చాడు.

ఇక నా నెత్తిన పడింది. పాస్‌పోర్టులు, వీసా, రెండు చోట్ల దిగి విమానం మారడాలు, ఎల్లో ఫీవర్ టీకా. ఈ వయసులో ఆ టీకా అంటే ముందు పరీక్షలన్నీ చేసి గానీ ఒప్పుకోనన్నాడు డాక్టరు. బాబాయి అప్పుడే ఫ్రెంచి మొదలుపెట్టేశాడు. ఫోన్ చెప్పినట్టల్లా తిరిగి చెబుతూ ఇల్లంతా తిరుగుతున్నాడు. ఆయన ఏ భాష మాట్లాడినా మేస్త్రీ కేకలాగే ఉంటుంది కాబట్టి, శుభోదయం అంటున్నాడో యంత్రం ఆపమంటున్నాడో తెలియడం లేదు. లోమేలో సముద్రానికి దగ్గర్లో తన ఇంట్లోనే గదులు అద్దెకిచ్చే ఒకావిడని వెతికి పట్టుకున్నాను. ఆవిడ ఫ్రెంచిలో రాస్తే నా ఫోన్ దాన్ని తెలుగు చేసి పెడుతుంది. ఫోన్ తెలుగు కూడా బాబాయి ఫ్రెంచి లాంటిదే, కానీ పని నడుస్తోంది.

నడవనిదల్లా పిన్ని దగ్గరే. పట్టుకుంటే ఉడుం పట్టు. "నేను రాను. మీ బాబాయిని పంపించు" అంటుంది. మోకాళ్ళ నొప్పులంది. విమానంలో చెవులు పోతాయంది. పెరట్లో మొక్కలకి నీళ్ళెవరు పోస్తారంది. ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు నేనూ పక్కనే నిలబడి, నా మామూలు పద్ధతిలో దులిపేశాను.

"అసలు సంగతి చెప్పు పిన్నీ. మొక్కలకి నీళ్ళు నేను పోస్తాను, చెవులకి దూది నేను కొంటాను. ఎందుకు రావు?"

పిన్ని దుప్పటి అంచులు కలిపి సరిచేసింది. మడతల గది చేతులు, ఎంత పెద్ద దుప్పటైనా ఒక్క విదిలింపుతో దారికొస్తుంది.

"అక్కడికెళ్ళాక ఆ బజారంతా తిరిగి, ఒక్కరి ఒంటి మీదా అది కనబడలేదనుకో. అప్పుడేం చేయమంటావ్?"

"ఏముంది, సముద్రం చూసి తిరిగొచ్చేస్తారు."

"నీకలాగే ఉంటుంది. ఇన్నేళ్ళూ కూరలు తరుగుతున్నా, ఆసుపత్రిలో వరసలో కూర్చున్నా, అక్కడెవరో దాన్ని చుట్టుకుని బజారుకి పోతోంది కదా అనుకునేదాన్ని. ఒంట్లో బాగోనప్పుడు కూడా అదే అనుకునేదాన్ని. వెళ్ళి, లేదని కళ్ళతో చూసొచ్చాక ఇంకేమనుకోను? మిల్లు పోయింది. అది కూడా పోయిందని తెలుసుకోవడానికి అంత దూరం ఎందుకే?"

బుట్టలో మిగిలిన బట్టలు అందిస్తూ నిలబడ్డాను.

కానీ నాకు ఊరుకోవడం చేతకాదు. ఆ సాయంత్రం ఊరికే అడిగినట్టు "ఆ పక్షి ఎలా ఉండేది పిన్నీ, ఒకసారి వేసి చూపించు" అన్నాను. పాత క్యాలెండరు కాగితం వెనక పెన్నుతో వేసింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. పొట్ట, తోక, సగం విప్పిన రెక్క, చివరికి తలకి కాస్త వెనగ్గా గాల్లో గుండ్రటి కన్ను. బాబాయి పక్కన కూర్చుని ఏది ఏ రంగో చెప్పాడు. ఇంటికొచ్చాక దాన్ని ఫోటో తీసి లోమే ఆవిడకి పంపాను. ఈ బట్ట మీ బజార్లో ఇంకా దొరుకుతుందా, ఎవరైనా కట్టుకుంటారా అని అడిగాను. ఉందంటే పిన్నిని లాక్కెళ్ళడం సులువు, లేదంటే నా కడుపులోనే దాచుకోవచ్చు అని నా లెక్క.

మర్నాడే జవాబొచ్చింది. తను అలాంటిది ఎప్పుడూ చూడలేదనీ, బజార్లో ముగ్గురు నలుగురిని అడిగిందనీ, ఇప్పుడన్నీ కొత్త రకాలు వస్తున్నాయనీ, క్షమించమనీ. నాకు ఏడుపొచ్చినంత పనైంది. దాచుకుందామనుకున్నాను గానీ నా మొహం దాచే మొహం కాదు. ఆ వారం పిన్ని వాళ్ళింటికి వెళ్ళి చెప్పులు విప్పుతుండగానే "లేదన్నారు కదూ" అంది. ఎవరిని అడిగానని కూడా అడగలేదు. "నాకు తెలుసు. టీకా వద్దని డాక్టరుకి చెప్పేయ్" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఈసారి గిన్నెల చప్పుడు కూడా రాలేదు.

బాబాయి అట్లాసు మూసి, పక్కింటివాళ్ళకి ఇచ్చేయమని నా చేతిలో పెట్టాడు. ఎప్పుడూ గలగలమనే ఆ మనిషి ఫ్రెంచి పాఠం కూడా ఆపేసి కూర్చుంటే చూడలేకపోయాను.

అట్లాసు నా సంచిలోనే ఉండిపోయింది. పక్షం తిరక్కుండానే, నేను మళ్ళీ వాళ్ళింట్లో టీ తాగుతుండగా ఫోన్ మోగింది. లోమే ఆవిడే, పొడుగాటి సందేశం రాసింది. చదువుతూనే కప్పు కింద పెట్టేశాను. ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి, ఫోన్ తెలుగుని మనుషుల తెలుగు చేసి గట్టిగా చదివాను.

"మా అమ్మ వేరే ఊళ్ళో ఉంటుంది. నిన్న వెళ్ళినప్పుడు మీరు పంపిన బొమ్మ చూపించాను. అమ్మ లేచి వెళ్ళి పెట్టె తీసింది. ఆ బట్ట ఆవిడ దగ్గర ఉంది. నన్ను వీపున కట్టుకుని బజార్లో తిరిగింది దానితోనేనట, నాకే తెలియదు. ఫోటో తీస్తానంటే ఒప్పుకోలేదు. అడిగినవాళ్ళని వచ్చి చూడమను అంది. ఆవిడకి ఒక సందేహం ఉంది, మీకు రాయమంది. ఆ పక్షికి కన్ను ఎందుకు బయట పెట్టారు? అప్పట్లో బజార్లో ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పుకునేవాళ్ళట. పెట్టినవాళ్ళు ఏమనుకుని పెట్టారో ఈ వయసులోనైనా తెలుసుకోవాలని ఉందట."

బాబాయి మొహం వెలిగిపోయింది. ఆయనకి ఇంతకన్నా ఏం కావాలి? గొంతు సవరించుకున్నాడు. "రాయవే. అచ్చు వేసే రోజున మా ఆవిడ కళ్ళు బట్ట మీద..."

"ఆగండి" అంది పిన్ని.

మేమిద్దరం ఆగాం. పిన్ని కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు కారుతున్నాయని ఆమెకి తెలిసినట్టు కూడా లేదు.

"ఎలా జారిందని అందరూ అడిగారు. మిల్లులో అడిగారు, ఇంట్లో అడిగారు. ఎందుకు పెట్టావని ఇన్నేళ్ళకి ఆవిడొక్కతే అడిగింది."

"నువ్వు పెట్టడమేంటి? రోలరు కదా జరిగింది" అన్నాడు బాబాయి.

"రోలరే జరిగింది. నేను చూశాను. మొదటి మూరలోనే చూశాను. చెయ్యి గంట మీదే ఉంది." పిన్ని అలమర వైపు చూసింది. "అంతకుముందు అది బట్టకి అంటించిన బొమ్మలా ఉండేది. కన్ను కాస్త వెనక్కి పోయేసరికి, ఎగిరిపోతూ వెనక్కి తిరిగి మనల్ని చూస్తున్నట్టుంది. ప్రాణం వచ్చింది దానికి. నేను గంట కొడితే సరిచేసేస్తారు, మళ్ళీ బొమ్మయిపోతుంది. కొట్టబుద్ధి కాలేదు. అలా చూస్తూ నిలబడ్డాను, బేళ్ళయిపోయేదాకా."

చూపు నిలవని మనిషి అన్నారీమెని. ఆ సూపర్వైజరు బతికుంటే వెళ్ళి పోట్లాడేదాన్ని.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం పిన్నీ?"

"అప్పుడు చెప్తే ఉద్యోగం పోయేది. తర్వాత చెప్తే మీ బాబాయి కథ పోయేది" అంది పిన్ని. "ఎంత సంతోషంగా చెప్పుకునేవారో. చెప్పుకోనీలే అనుకున్నాను."

బాబాయి తన గోళ్ళు చూసుకున్నాడు. నీలం ఎప్పుడో వదిలిపోయింది. చివరికి చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అయితే నన్ను చూడనే లేదా?"

"చూశాను. బేళ్ళు కట్టేశాక చూశాను. సూపర్వైజరు అందరి ముందూ నన్ను తిడుతుంటే, మీరు రోలరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మర నేనే వదులుగా బిగించాను, తప్పు నాది, ఆ అమ్మాయిది కాదు అన్నారు. మీ మాటతోనే నన్ను ఇంటికి పంపకుండా మడతల గదిలో వేశారు. అప్పుడు చూశాను, ఎవరీయన అని."

బాబాయి తన కథలో ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. మాలో ఎవరికీ తెలియదు. ఆయన లేచి, నా సంచిలోంచి అట్లాసు తీసి, ఆ సన్నటి పట్టీ ఉన్న పేజీ మళ్ళీ తెరిచి పిన్ని ముందు పెట్టాడు.

"ఆవిడకేం రాయమంటావు పిన్నీ?" అని అడిగాను.

"వచ్చి ఎదురుగా కూర్చుని చెప్తానని రాయి" అంది.

టీకా రోజున నేనే తీసుకెళ్ళాను. తెల్లటి గదిలో పొడుగాటి బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నర్సు చిన్నపిల్ల, కలుపుగోలు మనిషి. పిన్ని జబ్బ మీద దూది అద్దుతూ "ఈ వయసులో అంత దూరం దేనికి వెళ్తున్నారండీ?" అని అడిగింది. ఇలాంటి ప్రశ్న కోసమే బాబాయి పుట్టాడు. నిటారుగా కూర్చుని, ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. మిల్లు, రోలర్లు, పక్షి, గంట దగ్గర కొత్తగా వచ్చిన అమ్మాయి.

"అమ్మాయి కళ్ళు బట్ట మీద ఉండాలా వద్దా?" అన్నాడు. అలవాటుగా ఆగాడు. నర్సు నవ్వు మొహంతో ఎదురుచూస్తోంది. తర్వాతి మాట ఏదో నాకు నిద్దట్లో లేపినా వచ్చు. ఆయన పెదవుల దాకా వచ్చింది కూడా.

"బట్ట మీదే ఉన్నాయి" అన్నాడు బాబాయి. "చూసే వదిలేసింది. మేమెవరమూ చూడలేకపోయింది తను చూసింది. అది చూడ్డానికే వెళ్తున్నాం."

ఆయన కథకి ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. పిన్ని జబ్బ మీద దూది పట్టుకుని, లోపలికి లేచి వెళ్ళిపోకుండా అక్కడే కూర్చుని, ఆయన వైపే చూస్తోంది.